అసలు గద్వాల అంటే ఎవరి గద్వాల?

గద్వాల చీర అసలుదో కాదో తెలుసుకోవాలంటే తిరగేసి చూడమంటారు తెలిసినవాళ్ళు. ఒళ్ళు నూలు. నేతవాళ్ళు బాడీ అనే అంటారు. అంచు పట్టు, కొంగు పట్టు. నాడెలు మూడు: నడుమ బాడీకి ఒకటి, అటూ ఇటూ అంచులకు చెరొకటి. బాడీ నేసే నూలు పేక అంచు మొదలయ్యే చోట ఆగుతుంది. అంచు నేసే పట్టు పేక అక్కడిదాకా వచ్చి, దాంతో మెలిక వేసుకుని వెనక్కి పోతుంది. ప్రతి వరుసలో ఆ మెలిక పడాలి. దీన్నే కుట్టు అంటారు, కుప్పడం అని కూడా అంటారు. సూది దారంతో పని లేదు, నేతలోనే కలిసిపోయే కుట్టు ఇది. అందుకే ఎర్రంచు ఎర్రగానే ఉంటుంది, తెల్ల బాడీ తెల్లగానే ఉంటుంది. ఒకే నాడెతో ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టేసిన గుడ్డలో బాడీ రంగు అంచులోకి చొరబడుతుంది, అంచు మాసినట్టు కనపడుతుంది. చీరను వెనక్కి తిప్పితే దొంగతనం దొరుకుతుందని అనేది అందుకే.

ఈ వారం ఆ చీరను మాత్రమే కాదు, దాని చరిత్రను కూడా వెనక్కి తిప్పి చూద్దాం.

మిత్రులారా, ఈ భాగం రాయడానికి కారణం ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న. నేత కుటుంబం పిల్ల. డిగ్రీ మూడో సంవత్సరం ప్రాజెక్టుకు తన ఊరి నేత గురించి రాస్తానంది. పుస్తకాలు, వెబ్‌సైట్లు అన్నీ చదివొచ్చి, "సార్, అన్ని చోట్లా రాణి గారు నేర్పించారనే ఉంది. మా తాతోళ్ళ పేరు ఒక్క దగ్గర కూడా లేదు. జీఐ ట్యాగు కాగితంలోనన్నా ఉంటదా?" అని అడిగింది. నాది తెలుగు సాహిత్యం. చట్టం నా సబ్జెక్టు కాదు. అయినా ఆ అమ్మాయి కోసం చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాకర్థమైంది ఒకటే. 'అసలు' అనే మాటకు ఎప్పుడూ ఒక యజమాని ఉంటాడు. కాలాన్ని బట్టి ఆ యజమాని మారుతుంటాడు.

మొదట గుడి సంగతి. ఎందుకంటే గద్వాల నేతకు పేరు చీర కంటే ముందు పంచె తెచ్చింది.

తిరుమల బ్రహ్మోత్సవాల సమయంలో మూలవిరాట్టుకు కట్టే పంచెలు ఏటా గద్వాల నుంచి పోతాయి. ఏరువాడ జోడు పంచెలు అంటారు. కృష్ణ ఒకవైపు, తుంగభద్ర ఒకవైపు, రెండు ఏర్ల నడుమ నేసిన జోడు గనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. సంస్థానాధీశుల తరఫున ఇది వందల ఏళ్ళుగా సాగుతున్న ఆచారం. ఏటా బ్రహ్మోత్సవాలు రాగానే పత్రికల్లో వార్త వస్తుంది, మీరూ చదివే ఉంటారు. పొడవు పదకొండు గజాలంటారు. అంచు మామూలు పంచె అంచుకు ఎన్నో రెట్లు వెడల్పు. మగ్గం మీద మనుషులు కలిసి కూర్చుంటే గానీ నేయలేనంత పెద్ద గుడ్డ. నేసేవాళ్ళు దీక్షలో ఉంటారు. స్నానం చేసి కూర్చుంటారు, నియమంగా తింటారు, ఇల్లు శుద్ధిగా ఉంచుకుంటారు.

ఈ గుడ్డకు పెట్టిన ప్రమాణం చూడండి. నూలు నంబరు ఎంత, పట్టు ఏ రకం అన్నవి తర్వాతి సంగతి. ముందు మడి. నేసేవాడు ఎలా ఉన్నాడు, ఏం తిన్నాడు, ఎవరిని తాకాడు అన్నది గుడ్డ అసలుతనంలో భాగం. ఆ నేతన్నల భక్తిని నేను తక్కువ చేయడం లేదు. నెలన్నర పాటు పొద్దుమాపు వంగి కూర్చుని నేసిన ఆ చేతుల పని ముందు ఎవరైనా తల వంచాల్సిందే. నా ప్రశ్న ప్రమాణం మీద. మడి ప్రమాణమైన చోట మైల అని ముద్ర పడ్డవాడికి మగ్గం దగ్గర చోటు ఉండదు. వాడికి నేత వచ్చినా ఉండదు. (ఇంకో తమాషా: పట్టుకు మైల అంటదంటారు, నూలుకు అంటుతుందంటారు. గద్వాల గుడ్డలో రెండూ పక్కపక్కనే మెలిక వేసుకుని ఉంటాయి. శాస్త్రం చెప్పేవాళ్ళు ఆ మెలిక దగ్గర ఏమంటారో!)

పంచె అన్నామా, పంచె ఎవరు కట్టాలనే చరిత్ర కూడా చెప్పుకోవాలి. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడి బట్ట ఏదో నిర్ణయించింది: శవం మీది బట్ట. బట్ట నేయడానికి నియమాలు పెట్టినట్టే, బట్ట కట్టడానికీ పెట్టారు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము మీద గుడ్డ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడారు, 1859లో రాజు ప్రకటన వచ్చేదాకా. 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో బాబాసాహెబ్ మన స్త్రీలతో చెప్పిన మాటల్లో చీర కట్టు కూడా ఉంది. అంటరాని ఆడదని దూరం నుంచే పోల్చుకునేట్టు కట్టుకునే ఆ పొట్టి కట్టు వదిలెయ్యండి, పాదాల దాకా కట్టండి అన్నాడాయన. మన పాలమూరు పల్లెల్లో ముసలివాళ్ళను అడగండి. పెద్దల ముందు పంచె మోకాలి కిందికి దించితే ఏమయ్యేదో, చెప్పులు ఎక్కడ విప్పి చేత పట్టుకోవాలో, తలకు చుట్టిన తువ్వాల ఎప్పుడు నడుముకు కట్టుకోవాలో వాళ్ళు చెబుతారు. రాతలో లేకపోయినా అదీ ఒక ప్రమాణమే. గుడ్డ ఎంత పొడుగు ఉండాలో కులం కొలిచి ఇచ్చేది.

ఇక సంస్థానం. నిజాం రాజ్యంలో పద్నాలుగు హిందూ సంస్థానాలుండేవి. అందులో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట మన పాలమూరువే. జటప్రోలుకు రాజధాని కొల్లాపురం, ఇవాళ నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. సాహిత్య చరిత్ర చదివినవాళ్ళకు గద్వాల అంటే 'విద్వద్గద్వాల'. కవులు, పండితులు, శాస్త్ర చర్చలు, సన్మానాలు. తిరుపతి వేంకట కవులు వచ్చి అవధానాలు చేసిన నేల. నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు ఈ పేజీలు ఎన్నిసార్లు చదివానో. ఏ పండితుడికి ఏ శాలువా కప్పారో, ఎన్ని రూపాయలు వార్షికం ఇచ్చారో ఉంటుంది. ఆ శాలువా నేసినవాడి పేరు ఉండదు. ఆ రూపాయలు ఏ ఊరి శిస్తులోంచి వచ్చాయో, ఆ ఊళ్ళో వెట్టి ఎవరు చేశారో ఉండదు.

గద్వాల నేత పుట్టుక కథ కూడా ఆ దర్బారు నీడలోనే చెబుతారు. సంస్థానం వాళ్ళు నేతగాళ్ళను బనారసుకు పంపి జరీ పని నేర్పించారని, మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ నేతను ఆదరించిందని. ఆమె 1924 నుంచి సంస్థానాల విలీనం దాకా పాలించింది. ఆదరించింది నిజమే కావచ్చు, నాకు దాంతో పేచీ లేదు. పేచీ వాక్యంలో ఉన్న కర్తతో. 'రాణి నేర్పించింది' అన్న వాక్యంలో కర్త రాణి. నేర్చుకుని, ఇంటికొచ్చి, ఆ బనారసు జరీని మన కుట్టంచుతో కలిపి, రెండింటికీ సరిపోయేలా మగ్గం కట్టుకున్నవాడు ఆ వాక్యంలో కర్మ స్థానంలోనన్నా ఉన్నాడా? వ్యాకరణం చెప్పే పంతులుగా అడుగుతున్నాను. బనారసులో కుప్పడం నేర్పలేదు కదా. పట్టు పడుగు, నూలు పడుగు ఒకే మగ్గం మీద ఒకే బిగువులో నిలపడం మామూలు విద్య కాదు. పట్టు సాగే తీరు వేరు, నూలు సాగే తీరు వేరు. అది తెలిసిన బుర్ర ఒకటి ఎక్కడో ఒక గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. దానికి పేరు లేదు.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని సంగతికి వస్తాను. నేత అనగానే మనకు పద్మశాలి, దేవాంగ, తొగట, కుర్ని కులాలు గుర్తొస్తాయి. వాళ్ళంతా మన బహుజన సోదరులే, బీసీ కులాలే. ఆకలి చావులు, అప్పుల చావులు ఎక్కువ చూసినవాళ్ళు. కానీ తెలుగు నేల మీద మగ్గం ఊరి నడుమనే ఆడలేదు. మాలవాడలోనూ ఆడింది. మాలలు ముతక గుడ్డ నేసేవాళ్ళని బ్రిటిష్ కాలపు జిల్లా మాన్యువళ్ళలో, కులాల మీద రాసిన పుస్తకాల్లో పదేపదే కనపడుతుంది. అంత దూరం ఎందుకు? షెడ్యూల్డ్ కులాల జాబితా తీసి చూడండి. హైదరాబాద్ రాజ్యానికి 1950లో ఇచ్చిన జాబితాలోనే ఉంది: మాల సాలె, నేతకాని. ఇవాళ్టి తెలంగాణ జాబితాలోనూ ఉంది. నేతకానివాళ్ళు ఎక్కువగా ఉత్తర తెలంగాణలో కనపడతారు. 'సాలె' అంటే నేసేవాడు. గూడు అల్లే పురుగును సాలెపురుగు అన్నది కూడా అందుకే. మాల సాలె అంటే నేసే మాల. రాజ్యాంగ ఉత్తర్వులోనే ఒక అంటరాని కులం పేరు నేతగాడు! మరి చేనేత చరిత్ర పుస్తకాల్లో వీళ్ళకు ఎన్ని పేజీలు?

మా ఇంట్లోనూ ఈ జ్ఞాపకం ఉంది. మా అవ్వ వాళ్ళ నాయిన మగ్గం నేసేవాడట. దుప్పట్లు, తువ్వాలలు, కూలోళ్ళు కట్టే ముతక చీరలు. రెడ్ల ఇళ్ళల్లో ఆ గుడ్డ కట్టరు గానీ వడ్లు పోసుకోవడానికి, ఎడ్ల మీద కప్పడానికి తీసుకునేవాళ్ళట. గింజలు కొలిచి వాకిట్లో దూరంగా పోసేవాళ్ళట. మిల్లు గుడ్డ చవకగా ఊళ్ళోకి దిగినంక ఆ మగ్గం అటకెక్కింది, తర్వాత పొయ్యిలోకి పోయింది. "నాయిన సచ్చినంక నాడె మాత్రం మా అమ్మ దాసుకునె" అనేది అవ్వ. ఆ నాడె ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

ముతక అన్న మాటనే చూడండి. ముతక గుడ్డ, ముతక మాట, ముతక మనిషి. సన్న నూలుకు దర్బారు దొరికింది, కథ దొరికింది, రిజిస్ట్రేషన్ దొరికింది. ముతక నూలు ఊరంతటి ఒంటినీ కప్పింది. దానికి తిట్టు దొరికింది. వారసత్వం అని మ్యూజియంలో పెట్టేటప్పుడు ఏ గుడ్డను ఎంచుతారో ఆలోచించండి. నీ తాత కట్టుకున్న గుడ్డ అక్కడ ఉండదు. నీ తాతను దూరం నిలబెట్టినవాడు కట్టుకున్న గుడ్డ ఉంటుంది.

ఇది మన దగ్గరి రోగమే కాదు. స్కాట్లాండులో మగవాళ్ళు నడుముకు చుట్టుకునే గళ్ళ గుడ్డ ఉంది కదా, కిల్ట్. మన పంచెకు దూరపు చుట్టం లాంటిది. పైసీమ కొండవాసుల బట్ట అది. 1746లో తిరుగుబాటు అణచివేశాక బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ఆ బట్ట కట్టడం నిషేధించింది. 1782లో నిషేధం ఎత్తేశారు. నలభై ఏళ్ళు గడిచాయో లేదో, 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరోకు వచ్చి తానే కిల్ట్ కట్టుకుని నిలబడ్డాడు. ఆ ఉత్సవమంతా నడిపింది నవలా రచయిత వాల్టర్ స్కాట్. కూలివాడు కడితే నేరమైన బట్ట రాజు కట్టగానే జాతి గౌరవం అయింది. ఆ తర్వాతే ఏ వంశానికి ఏ గళ్ళు, ఎన్ని మడతలు, ఏది అసలు, ఏది కాదు అన్న కొలతలు బిగుసుకున్నాయి. ఇవాళ గళ్ళ నమూనాలకు అక్కడ 2008 నాటి చట్టంతో ప్రభుత్వ రిజిస్టరే ఉంది. చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్ 1983లో వచ్చిన ఒక వ్యాస సంకలనంలో ఆ కొండ సంప్రదాయంలో చాలా భాగం ఆధునిక కల్పనే అని రాశాడు. ఇవాళ మనం చూసే పొట్టి కిల్ట్‌కు రూపం ఇచ్చింది ఒక ఇంగ్లీషు ఇనుప వ్యాపారి, తన కొలిమిలో పనిచేసే కూలీలకు సులువుగా ఉంటుందని, అన్నాడు. ఆయన మాటల మీద చాలామంది స్కాట్ పండితులు విరుచుకుపడ్డారు. ఆ తగువు మనకొద్దు. మనకు కావాల్సింది క్రమం: ముందు నిషేధం, తర్వాత పైవాళ్ళు ఎత్తుకోవడం, ఆ తర్వాత ప్రమాణాలు.

మన ప్రమాణాల దగ్గరికి వద్దాం. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబర్ 15 నుంచి అమల్లో ఉంది. రిజిస్ట్రీ చెన్నైలో. పోచంపల్లి ఇక్కత్ మొదటి వరుసలోనే చేరింది. గద్వాల, నారాయణపేట చీరలు కూడా ఉమ్మడి రాష్ట్రం ఉండగానే రిజిస్టరయ్యాయి. జీఐ అంటే ఏదో అవార్డు అనుకుంటారు చాలామంది. కాదు. అది పేరు మీద హక్కు. ఫలానా చోట, ఫలానా పద్ధతిలో చేసిన వస్తువుకే ఫలానా పేరు వాడాలి అనే హక్కు. పదేళ్ళకోసారి రెన్యువల్ చేసుకోవాలి. అందులో రెండు అంచెలుంటాయి. పేరును రిజిస్టరు చేయించుకున్న సంఘమో సంస్థో దానికి యజమాని. ఆ పేరు వాడుకోవడానికి విడిగా దరఖాస్తు పెట్టి నమోదైనవాళ్ళు అధీకృత వినియోగదారులు. అంటే గద్వాలలో పుట్టి, గద్వాలలో నేసినంత మాత్రాన చట్టం కళ్ళలో నీకా పేరు రాదు. నువ్వు కూడా కాగితం పెట్టాలి. గుంట మగ్గంలో కూర్చున్న మనిషికి ఆ కాగితం సంగతి ఎవరు చెప్పారు?

నన్ను ఆపేసిన వాక్యం ఇంకొకటి ఉంది. చట్టం రెండో సెక్షన్‌లో 'ఉత్పత్తిదారు' అనే మాటకు నిర్వచనం. వ్యవసాయ వస్తువైతే పండించేవాడు. చేతి వృత్తి వస్తువైతే తయారుచేసేవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఆ వస్తువు వ్యాపారం చేసేవాడు కూడా ఉత్పత్తిదారే అని కలిపారు. చదివి రెండుసార్లు కళ్ళు నులుముకున్నాను. నేసినవాడూ ఉత్పత్తిదారే, కొని అమ్మినవాడూ ఉత్పత్తిదారే. మగ్గం మీద కూలికి నేయించుకుని షోరూముకు అమ్మే షావుకారు, ఆ మగ్గం తొక్కే మనిషి చట్టం ముందు పక్కపక్కన నిలబడ్డారు. ఒకరి చేతిలో పెట్టుబడి, బిల్లు పుస్తకం, లాయరు ఉంటాయి. ఇంకొకరి చేతిలో నాడె ఉంటుంది. ముద్ర ఎవరి గల్లా పెట్టెలోకి చేరుతుందో వేరే చెప్పాలా?

ఇది అర్థం కావాలంటే నేత ఎలా నడుస్తుందో తెలియాలి. చాలాచోట్ల మగ్గం నేతగాడిదే, గది నేతగాడిదే, కరెంటు బిల్లు నేతగాడిదే. పట్టు, జరీ, నూలు, డిజైను మాస్టర్ వీవర్ ఇస్తాడు. చీర దిగితే కూలి ఇస్తాడు. పెళ్ళికో ఆసుపత్రికో బాకీ తీసుకుంటే ఆ బాకీ తీరేదాకా మగ్గం ఆయనదే. చీరకు వారమో పది రోజులో పడుతుంది, డిజైను ఎక్కువైతే ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో ఇంట్లో ఇంకో ఇద్దరు ముగ్గురు పని చేస్తుంటారు. కండెలు చుట్టేది భార్య. పట్టు లడీలు విప్పి సాపు చేసేది తల్లి. పోగు తెగితే అతికేది కూతురు. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత సర్వే దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత పనిలో ఉన్నారని లెక్కేసింది. అందులో దాదాపు 72 శాతం స్త్రీలు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతులు నెలకు 5,000 రూపాయల లోపే సంపాదిస్తున్నాయి. మన రాష్ట్రంలో మగ్గాలకు జియో ట్యాగు వేశారు. చీరకు జీఐ ట్యాగు ఉంది. కండెలు చుట్టే ఆ అక్కకు ఏ ట్యాగూ లేదు, చాలాసార్లు చేనేత కార్మికురాలన్న గుర్తింపు కార్డు కూడా మగని పేరుమీదే ఉంటుంది.

నకిలీ బాధ నిజం కాదని నేననడం లేదు. పవర్‌లూమ్ మీద గంటల్లో దిగిన గుడ్డకు గద్వాల అని పేరు పెట్టి అమ్ముతుంటే నేతన్న కడుపు కాలుతుంది. దాన్ని ఆపడానికి ఇంకో చట్టం 1985 నుంచే ఉంది. కొన్ని రకాల గుడ్డలు చేమగ్గం మీదే నేయాలని రిజర్వు చేసిన చట్టం. మొదట 22 రకాలుండేవి. కుదించి కుదించి 11 చేశారు. మిగిలినవాటిలో చీర ఉంది, పంచె కూడా ఉంది. మిల్లులు, పవర్‌లూమ్‌లవాళ్ళు కోర్టుకెళ్ళారు, 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. చట్టం నిలబడింది, తనిఖీ నిలబడలేదు. 2006లో హ్యాండ్లూమ్ మార్కు వచ్చింది, 2015లో ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండు వచ్చింది, ఆ ఏడాది నుంచే ఆగస్టు 7ను జాతీయ చేనేత దినం అంటున్నారు. 2020లో, కరోనా నడుమ, అదే దినానికి దాదాపు పది రోజుల ముందు అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. లేబుళ్ళు పెరుగుతున్నాయి. నేతగాడు కూర్చుని మాట్లాడే కుర్చీలు తగ్గుతున్నాయి.

"ఇంకెట్లా రాస్తరు సార్, ప్రమాణం అంటే గుడ్డ గురించే కదా" అని ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. ఇంకోలా రాసినవాళ్ళున్నారు. మళ్ళీ స్కాట్లాండే. పడమటి దీవుల్లో హ్యారిస్ ట్వీడ్ అనే ఉన్ని గుడ్డ నేస్తారు. దాని కథ కూడా ఒక దొరసానితోనే మొదలుపెడతారు. 1840ల్లో డన్‌మోర్ జమీందారిణి దాన్ని లండన్ పెద్దల దాకా తీసుకెళ్ళిందని. మన రాణి కథకు కవల. కానీ 1993లో చేసిన హ్యారిస్ ట్వీడ్ చట్టంలో నిర్వచనం చూడండి: ఆ దీవుల్లో రంగు వేసి వడికిన స్వచ్ఛమైన ఉన్నితో, దీవివాసులు తమ ఇళ్ళల్లో చేత్తో నేసి, ఆ దీవుల్లోనే పూర్తిచేసిన గుడ్డ. దీవివాసులు, తమ ఇళ్ళల్లో. గుడ్డ నిర్వచనంలోనే మనిషి ఉన్నాడు, అతని ఇల్లు ఉంది. ఎవడో వచ్చి అదే దీవిలో షెడ్డు వేసి, కూలోళ్ళను కూర్చోబెట్టి నేయిస్తే ఆ పేరు రాదు. దాంతో అక్కడ అంతా సుఖమే అనుకోకండి. అక్కడి నేతగాళ్ళలో ఎక్కువమంది ఇప్పటికీ మిల్లు ఇచ్చే ఆర్డర్ల మీదే బతుకుతారు. అయినా మగ్గాన్ని ఇంట్లోంచి లాక్కుపోలేరు. ఒక్క వాక్యం చేసిన పని అది.

మన వాక్యం ఎలా ఉండాలి? నన్నడిగితే, మూడు నాడెలు, కుట్టంచు, పట్టు కొంగు అని రాసిన చోటే నేసిన మనిషి పేరు, ఆ చీరకు ముట్టిన కూలి కూడా చీరతోపాటు కదలాలని రాయాలి. షోరూములో ధర చీటీ పక్కన కూలి చీటీ. కొనే అమ్మకు రెండూ కనపడాలి. కండెలు చుట్టిన చేతులు, అచ్చు అతికిన చేతులు కూడా ఉత్పత్తిదారులే అని రాయాలి, వ్యాపారిని ఆ మాటలోంచి తీసేయాలి. దానికి పార్లమెంటు సవరణ కావాలి, తెలుసు. కానీ ప్రతి జీఐ దరఖాస్తులో తనిఖీ ఎలా చేస్తారో చెప్పాలన్న నియమం ఇప్పటికే ఉంది. ఆ తనిఖీ చేసేవాళ్ళలో మగ్గం మీద కూర్చునేవాళ్ళు ఎంతమంది, ఆడవాళ్ళు ఎంతమంది అని అడగడానికి ఏ సవరణా అక్కర్లేదు.

జిల్లా గీతల సంగతి కూడా. 2016 అక్టోబర్‌లో పాలమూరును చీల్చారు. గద్వాల ఒక జిల్లా, వనపర్తి ఇంకొకటి, నాగర్‌కర్నూల్ మరొకటి. మగ్గానికి ఆ గీత తెలియదు. రాజోలిలో, అయిజలో ఆడే చేయే కృష్ణ దాటి అమరచింతలో, కొత్తకోటలోనూ ఆడుతుంది. అవి ఇప్పుడు వనపర్తి జిల్లా ఊళ్ళు. రాజోలి 2009 అక్టోబర్ వరదలో మునిగి, గుంట మగ్గాలన్నీ బురదతో నిండినప్పుడు ఏ లేబులూ వచ్చి తోడెయ్యలేదు. మనుషులే తోడుకున్నారు. 'స్థలం' అని చట్టం రాసే ముందు ఆ స్థలాన్ని పట్టుకుని వేలాడుతున్నదెవరో చూడాలి.

నూలు వెనక పత్తి ఉంది, పత్తి వెనక విత్తనం ఉంది. నడిగడ్డ దేశానికి పత్తి విత్తనం ఇచ్చే నేల. పువ్వు విప్పకముందే మొగ్గ ఒలిచి, మర్నాడు మగపువ్వు పుప్పొడి అద్దే క్రాసింగ్ పని చిన్న వేళ్ళకు బాగా వస్తుందని దళిత, బీసీ పిల్లలను, అందులోనూ ఆడపిల్లలను చేలల్లో నిలబెట్టిన సంగతి ఎన్నో అధ్యయనాల్లో నమోదైంది. మన ప్రాంతం నుంచి లోకానికి రెండు పేర్లు పోయాయి: గద్వాల చీర, పాలమూరు లేబర్. మొదటి పేరును కాపాడడానికి చెన్నైలో రిజిస్ట్రీ ఉంది. రెండో పేరు మోసినవాళ్ళు దేశంలో సగం డ్యాములు కట్టి, ఎక్కడ చచ్చారో కూడా లెక్క లేకుండా పోయారు. ఈ విత్తనం చేల సంగతి రెండు పేరాల్లో ఒడిసేది కాదు, వచ్చే భాగం మొత్తం దాని మీదే.

అప్పటిదాకా ఒక పని. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల కాలేజీల్లో చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ దసరా సెలవుల్లో మీ వాడలో డెబ్బై దాటినవాళ్ళను అడగండి. మన ఇంట్లో ఎవరన్నా మగ్గం నేసిండ్రా, ఏం నేసిండ్రు, ఎవరికిచ్చిండ్రు, గుడ్డకు ఏం కొలిచిండ్రు, ఎప్పుడు ఆపిండ్రు. వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసుకోండి, పుస్తకాల తెలుగులోకి మార్చకండి. మగ్గం సామాను పేర్లు ఏవన్నా చెబితే వాటిని విడిగా రాయండి, ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుంటుంది. నేత కుటుంబాల పిల్లలు మీ ఇంట్లో అధీకృత వినియోగదారు కాగితం ఉందో లేదో, గుర్తింపు కార్డు ఎవరి పేరుమీద ఉందో చూసి చెప్పండి. ఎవరి వ్యక్తిగత వివరాలూ ఇక్కడ పెట్టొద్దు, నాకు ఇన్‌బాక్సులో పంపితే చాలు. ప్రాజెక్టు మొదలుపెట్టిన ఆ అమ్మాయి ఇప్పటికి నాలుగు ఇళ్ళు తిరిగింది, నోట్‌బుక్కులో పదకొండు పేర్లున్నాయి. అందులో ఏడు ఆడవాళ్ళవి.

జై భీమ్.